అత్త ‘సరే’ అన్న టూర్: కారవాన్‌లో జొన్నగిరికి

కారవాన్ అనగానే మనకు షూటింగ్ స్పాట్ గుర్తొస్తుంది. హీరో లోపల ఏసీలో, ప్రొడ్యూసర్ బయట ఎండలో. అంతకుమించి ఆ బండితో మనకేం పని అనుకుంటాం. అమెరికా, ఆస్ట్రేలియాల్లో మాత్రం అది పెద్దవాళ్ల బండి. రిటైరైన భార్యాభర్తలు మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉన్న మోటార్‌హోమ్ వేసుకుని నెలల తరబడి తిరుగుతుంటారు. ఒకచోట మకాం పెట్టి, పగలంతా చుట్టుపక్కల చూసుకుని, రాత్రికి బండిలోనే పడుకుంటారు.

మన దగ్గర రిటైరైనవాళ్ల ప్రయాణాల లిస్టు చాలా చిన్నది. తిరుపతి, మంత్రాలయం, కుదిరితే కాశీ. ఆ తర్వాత పిల్లల ఇల్లు, కంటి ఆసుపత్రి. ఊరికే, చూడ్డానికి, సరదాగా వెళ్లడం అనేది ఆ లిస్టులో ఉండదు.

ఈ జూలైలో మా మేనమామనీ అత్తనీ అలా ఊరికే ఒక రోజు తిప్పుదామని బెంగళూరు నుంచి ఒక కారవాన్ అద్దెకు తెచ్చాం. టెంపో ట్రావెలర్‌ను మార్చి చేసిన బండి. లోపల రెండు మంచాలు, చిన్న గ్యాస్ స్టవ్, బుల్లి ఫ్రిజ్, వెనకాల తలుపు ఉన్న టాయిలెట్. ఆదోనిలో వాళ్లింటి ముందు ఆగగానే వీధి పిల్లలు చుట్టూ చేరి ‘ఏ హీరో వచ్చినాడన్నా?’ అని అడిగారు.

ఆ బండిలో వెళ్లింది ఊటీకి కాదు, గోవాకీ కాదు. జొన్నగిరికి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో ఒక ఊరు. ఆర్టీసీ డ్రైవర్‌గా మామ తన సర్వీసులో వందలసార్లు దాటిపోయిన దారి. అత్త పుట్టింటికి దగ్గరి ఊరు. ‘ఇంత దగ్గరికి ఇంత పెద్ద బండి ఎందుకప్పా, దుడ్లు దండగ’ అని మామ తిట్టాడు. అద్దె మంచి హోటల్ గది కంటే ఎక్కువే, నిజం. కానీ ఆ బండికి ఒక కారణం ఉంది.

‘నేను రానులే’ వెనక ఏముంది?

మా అత్త రాను అన్న ఊళ్ల లిస్టు మాత్రం చాలా పెద్దది. హంపి రాలేదు. శ్రీశైలం రాలేదు. బెలూం గుహలు రాలేదు. ప్రతిసారీ ఒకటే మాట: ‘మోకాళ్లు నొప్పి, మీరు పోయి రాండి.’

మోకాళ్ల నొప్పి అబద్ధం కాదు. కానీ అసలు సంగతి వాళ్ల కూతురు, మా వదిన, ఫోన్‌లో చెప్పింది. అత్తకు షుగర్. గంట, గంటన్నరకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి. దార్లో ఎక్కడికి వెళ్తుంది? అందుకే తప్పనిసరి ప్రయాణం ఏదైనా ఉంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. పెళ్లికి వెళ్లినా అంతే, ఆసుపత్రికి వెళ్లినా అంతే. తప్పించుకోగలిగిన ప్రయాణమైతే మోకాళ్ల పేరు చెబుతుంది.

ఇది రాయొచ్చా అని అత్తనే అడిగాను. ‘రాయి నాయనా, సిగ్గెందుకు? అందరికీ ఉండేదే కదా’ అంది.

మీ ఇంట్లో కూడా ‘నేను రానులే’ అనే అమ్మో, అమ్మమ్మో, అత్తో ఉండే ఉంటారు. వాళ్లకు ప్రయాణాలంటే ఇష్టం లేదని మనం ఫిక్సైపోతాం. ఒకసారి కారణం కనుక్కోండి. చాలా ఇళ్లలో జవాబు ఇదే అయ్యుంటుంది.

కాబట్టి మా టూర్ ప్లాన్‌లో వ్యూ పాయింట్ల కంటే ముందు ఫిక్సైంది టాయిలెట్. ఊరు తర్వాత ఫిక్సైంది. అది కూడా అత్తే చెప్పింది: ‘యాడికో ఎందుకు? జొన్నగిరి దిక్కు పోదాం. చిన్నప్పుడు చూసిందే.’

ఎడమ పక్క కూర్చున్న డ్రైవర్

పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జి పార్సిల్ కట్టించుకుని బయల్దేరాం. ఉగ్గాని తెలియనివాళ్లకు: నానబెట్టిన బొరుగులతో చేసే టిఫిన్, పక్కన బజ్జి తప్పనిసరి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇది లేని హోటల్ ఉండదు.

బండికి దాని డ్రైవర్ ఉన్నాడు. మామ పక్క సీట్లో కూర్చున్నాడు. మొదటి అరగంట లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. ‘ముందర మలుపుంది, స్లో చెయ్’, ‘ఈడ గేదెలొస్తాయి’ అంటూ సలహాలు. ఆస్పరి దాటాక కాస్త సర్దుకుని కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టాడు. ‘ముప్పై ఏళ్లు కుడిపక్క కూసున్నా. ఎడమపక్క ఏముందో ఇప్పుడు సూస్తాండా’ అన్నాడు.

ఎడమపక్క చాలానే ఉంది. వానలు పడ్డాయి కాబట్టి ఎర్రనేల ఇంకా ఎర్రగా కనిపిస్తోంది. కొన్ని చేలల్లో పత్తి మొలకలు, కొన్నిట్లో చెనిక్కాయ. మధ్యలో హఠాత్తుగా గుండ్రటి బండల గుట్టలు, ఎవరో తెచ్చి పేర్చినట్టు. దూరంగా గాలిమరలు. కడప దాకా, బళ్లారి దాకా ఈ బండలే మా సీమ సీనరీ. పచ్చగా ఉంటేనే అందం అనుకునేవాళ్లకు ఇది ఎక్కకపోవచ్చు. మబ్బు పట్టిన పొద్దున ఒక్కసారి చూడండి, తర్వాత మాట్లాడదాం.

పత్తికొండ అంటే న్యూస్‌లో మీరు చూసేది టమాటా మార్కెట్. రేటు పడిపోతే రైతులు రోడ్ల మీద పారబోసే వీడియోలు ఇక్కడివే ఎక్కువ. ఈ ఊరికి ఇంకో కథ ఉంది. దత్త మండలాల తొలి కలెక్టర్, తర్వాత మద్రాసు గవర్నర్ అయిన థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో చనిపోయింది పత్తికొండలోనే. అప్పటికే ఆయన పదవి వదిలి ఇంగ్లండ్‌కి వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. కొత్త గవర్నర్ వచ్చేలోపు, తాను పనిచేసిన జిల్లాల్ని చివరిసారి చూద్దామని టూర్‌కి వచ్చాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఆయన పేరు మీద ప్రభుత్వం పత్తికొండలో ఒక తోట నాటించి, రాతి మెట్ల బావి కట్టించింది. గుత్తిలో సత్రం కట్టించింది.

బావి, చెట్లు, సత్రం. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. సాయంత్రం మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

చేలల్లో తలలు వంచుకుని

పత్తికొండ దాటి గుత్తి వైపు కాస్త దూరం పోయాక రోడ్డు పక్కన బైకులు, ఆటోలు. చేలల్లో మనుషులు తలలు వంచుకుని మెల్లగా నడుస్తున్నారు. ఎవరూ ఎవరితో మాట్లాడట్లేదు. మొదటిసారి చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. వాళ్లు వెతికేది వజ్రాలు.

ఇది కట్టుకథ కాదు. పక్కనే అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతంలో కింబర్‌లైట్ శిలలున్నాయి. భూమి లోతుల్లో పుట్టిన వజ్రాలు ఎప్పుడో ఆ శిలలతోపాటు పైకొచ్చాయి. శిల అరిగిపోయి మట్టిలో కలిసినా వజ్రం అరగదు. తొలకరికి పై మట్టి కొట్టుకుపోతే చిన్న చిన్న రాళ్లు బయటపడతాయి. వాటిలో ఎప్పుడో ఒకటి వజ్రమవుతుంది. తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర, పెరవలి వైపు ప్రతి ఏటా తొలకరికి జనం దిగేది ఇందుకే. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. దొరికినవాళ్ల వార్త పేపర్లో వస్తుంది. పది రోజులు తిరిగి, కూలి పోగొట్టుకుని ఇంటికెళ్లినవాళ్ల వార్త రాదు.

ఒక బీడు దగ్గర బండి ఆపాం. అత్త చెప్పులు వదిలేసి దిగింది. ‘మా జేజితో వచ్చేదాన్ని. బడి లేనపుడు ఇదే పని’ అంది. ఎట్లా వెతకాలో నాకు నేర్పించింది. పరిగెత్తకూడదు. ఒక సాలు పట్టుకుని చివరిదాకా పోవాలి, మళ్లీ పక్క సాల్లో వెనక్కి రావాలి. మెరిసినదల్లా ఏరకూడదు, మెరిసేవన్నీ పలుగురాళ్లే. విత్తనం పడిన చేలో కాలు పెట్టకూడదు. ఈ చివరి రూలు ఆమె రెండుసార్లు చెప్పింది. వాళ్లది రైతు కుటుంబం. మొలకలు తొక్కించుకున్న కోపం ఇంకా పోలేదు.

మోకాళ్ల నొప్పి ఉన్న అత్త ముప్పావు గంట నడిచింది. నేను పది నిమిషాలకే ఫోన్ తీశాను. మామ గట్టు మీద కూర్చుని ‘మీ అత్త నన్ను చేసుకోకుంటే ఈపాటికి కోటీశ్వరురాలు అయ్యుండేది’ అన్నాడు. ఆమె మూడు తెల్లరాళ్లు కొంగులో కట్టుకుని వచ్చింది. వజ్రాలు కావని ఆమెకు తెలుసు. ‘ఉండనీ’ అంది, బండిలోకి వెళ్లి మొహం కడుక్కుని, టాయిలెట్‌కి వెళ్లి వచ్చి, ఒక చెంబు మజ్జిగ తాగింది.

జొన్నల ఊరు కాదు, బంగారు కొండ

మధ్యాహ్నం జొన్నగిరి చెరువు దగ్గర బండి పెట్టాం. స్టవ్ మీద పప్పు వేడి చేసుకున్నాం. జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, ఎర్రగడ్డ ముక్కలు ఇంటి నుంచి తెచ్చినవే. పక్క తలుపు పూర్తిగా తీస్తే నీళ్ల మీద గాలి నేరుగా మంచం దాకా వస్తోంది. మామ పడుకుని చెరువు చూస్తూ తిన్నాడు. ‘హీరోలు ఊరికే లావయితారా’ అన్నాడు.

జొన్నగిరి పేరులో ‘జొన్న’ ఉంది కానీ, ఇది జొన్నల కొండ కాదంటారు చరిత్రకారులు కొందరు. ‘సొన్న’ అంటే బంగారం. సొన్నగిరి జొన్నగిరి అయింది. మౌర్యుల కాలంలో దక్షిణాది రాజ్యానికి రాజధాని సువర్ణగిరి. అక్కణ్నుంచి రాజకుమారుడు పంపిన ఆదేశాల ప్రస్తావన కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనంలో ఉంది. ఆ సువర్ణగిరి ఇదేనని కొందరు, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు అంటారు. వాదన తేలలేదు. నేలలో బంగారం ఉన్న మాట మాత్రం తేలిపోయింది. జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి పరిధిలోనే ఇప్పుడు ప్రైవేటు కంపెనీ బంగారు గని ఉంది.

తిన్నాక పెద్దవాళ్లిద్దరూ గంటసేపు నిద్రపోయారు. కారవాన్‌తో వచ్చే రెండో లాభం ఇది. కార్లో అయితే మధ్యాహ్నం రెండింటికి పెద్దవాళ్ల నడుము పట్టేస్తుంది, అక్కడితో టూర్ అయిపోతుంది. మాకు సగం రోజు ఇంకా మిగిలింది.

బండ మీద రాసిన రోడ్డు

జొన్నగిరికి దగ్గర్లోనే ఎర్రగుడి అశోకుడి శాసనాలున్నాయి. చిన్న గుట్ట, పెద్ద పెద్ద బండలు, వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటివి. 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని బయటి ప్రపంచానికి చూపించాడు. తమాషా ఏంటంటే, ‘అశోకుడు’ అన్న పేరు స్పష్టంగా ఉన్న మస్కి శాసనాన్ని 1915లో కనిపెట్టింది కూడా బీడన్ అనే బంగారు గనుల ఇంజినీరే. నేలలో నిధి కోసం చూసే కళ్లకే ఈ రాతలు దొరికాయి.

ఎర్రగుడి ప్రత్యేకత ఏంటంటే, అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్నాయి. ఇలాంటి చోటు దేశంలోనే అరుదు. ఆంధ్రుల పేరు ప్రస్తావించిన పదమూడో శాసనం కూడా ఆ పద్నాలుగులో ఒకటి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని రాజు బాధపడుతూ చెప్పింది అందులోనే.

అత్త ఒక్కో మెట్టూ ఎక్కింది, మధ్యలో రెండుసార్లు కూర్చుంది. పైన ఒక బండ దగ్గర ఆమెకు నేను ఫోన్లో చదివింది చెప్పాను: చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతది కుడి నుంచి ఎడమకి రాశారు. ఎద్దులు దున్నుతూ తిరిగినట్టు ఉంటుందని దీనికి గ్రీకు భాషలో ఒక పేరు కూడా ఉంది. అత్త చూసి ‘మడక తిప్పినట్టు’ అంది. ఆ పొద్దున చేలో వజ్రాలు వెతికింది కూడా సరిగ్గా అలాగే.

అదే చిన్న శాసనంలో తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దల్ని గౌరవించాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి అని ఉంది. ఈ సంగతుల్ని దండోరా వేసి అందరికీ చెప్పమని అధికారులకు ఆజ్ఞ. మామ వెంటనే అందుకున్నాడు: ‘సూసినావా అల్లుడా, రాజే చెప్పినాడు. మీ వదినకు వాట్సాప్ పెట్టు.’

తర్వాత పెద్ద శాసనాల్లో రెండోది చదివి చెప్పాను. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించానని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించానని అశోకుడు అందులో చెప్పాడు. ఢిల్లీలోని ఒక స్తంభ శాసనంలో అయితే విశ్రాంతి ఇళ్ల గురించి కూడా ఉంది. రెండువేల రెండొందల ఏళ్ల కిందట ఒక రాజు తన గొప్ప పనుల లిస్టు రాయిస్తే, అందులో కోటలు లేవు. దారిన పోయేవాళ్లకు నీళ్లు, నీడ, ఆగే చోటు ఉన్నాయి. మన్రో పేరు మీద కట్టించినవీ అవే.

మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నాతో కాదు, అత్తతో అన్నాడు: ‘ముప్పై ఏళ్లు బండి నడిపినా. మొగోళ్లు డ్రైవరన్నా ఒక్క నిమిషం అంటే చెట్టు పక్కన ఆపేవాణ్ని. ఆడమనిషి ఒక్కతి కూడా ఆపమని అడగలే. వాళ్లకు అవసరం ఉండదేమో అనుకుంటి.’

అత్త కోపంగా ఏమీ అనలేదు. ‘అడిగితే యాడ ఆపుతావు? ఆ చెట్టు కాడనే కదా’ అంది.

అక్కడ ఇంక చెప్పుకోవడానికేం లేదు. కిందికి దిగేటప్పుడు మామ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మెట్లు జాగ్రత్త అని పట్టుకున్నట్టు నటించాడు.

బండి దగ్గరికి రాగానే అత్త స్టవ్ వెలిగించి అందరికీ టీ పెట్టింది. గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు పోసుకుంది. ప్రయాణంలో ఆమె రెండో గ్లాసు టీ తాగడం నేనెప్పుడూ చూడలేదు. పడమట గుట్టల వెనక మబ్బులు ఎర్రబడ్డాయి. ‘హంపికి ఎంత దూరం?’ అని అడిగింది.

మీరు వెళ్లాలనుకుంటే

ఎప్పుడు: జూలై నుంచి జనవరి వరకు బాగుంటుంది. వేసవిలో బండల మీద నడవడం పెద్దవాళ్లకు కష్టం. శాసనాల దగ్గరికి పొద్దున కానీ, మూడున్నర తర్వాత కానీ వెళ్లండి. ఏటవాలు వెలుతురులో అక్షరాలు బాగా కనిపిస్తాయి.

ఎలా: గుత్తి, పత్తికొండ మధ్య రోడ్డు పట్టుకుంటే జొన్నగిరి, ఎర్రగుడి రెండూ ఆ వైపే. తుగ్గలిలో రైల్వే స్టేషన్ ఉంది కానీ ఎక్కువ రైళ్లు ఆగేది గుంతకల్లు, గుత్తి జంక్షన్లలో. టైమ్ ఉంటే గుత్తి కోట, పత్తికొండ దగ్గర రాజుల మండగిరిలో ఉన్న ఇంకో అశోక శాసనం కలుపుకోవచ్చు.

చెయ్యకూడనివి: అక్షరాల మీద చాక్‌పీస్, నీళ్లు, వేళ్లు ఏవీ వద్దు. రీల్స్ కోసం బండలెక్కొద్దు. వజ్రాల సరదా ఉంటే రైతును అడిగి, విత్తనం పడని నేలలోనే నడవండి.

కారవాన్ తీసుకుంటే: టాయిలెట్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలో బుక్ చేసేటప్పుడే అడగండి. చెరువు గట్టు మీద, చేలో అస్సలు వద్దు. మేం ఇంటికి తెచ్చి టాయిలెట్‌లోనే పోశాం. ఆ పని నాదే. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇంటి నుంచి పని కొత్తేం కాదు.

కారవాన్ లేకపోతే: మామూలు కారులో కూడా ఈ టూర్ చేయొచ్చు. మడత పెట్టే కమోడ్ కుర్చీ, చుట్టూ నిలబెట్టే చిన్న టెంటు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, డిక్కీలో పడతాయి. దార్లో పెట్రోల్ బంకులు ఎక్కడున్నాయో ముందే మ్యాప్‌లో మార్క్ చేసుకోండి. టాయిలెట్, తాగునీళ్లు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వడం బంకులకున్న నిబంధన. ఆయిల్ కొట్టించకపోయినా అడగొచ్చు. పెద్దవాళ్లు అడగరు కాబట్టి మీరే దిగి అడగండి. ప్రతి గంటకూ మీకే అవసరమైనట్టు బండి ఆపించండి.

నీళ్ల బాటిల్ మాత్రం అమ్మ చేతికే ఇవ్వండి. సాయంత్రానికి అది ఖాళీ అయిందంటే మీ టూర్ హిట్.